అందరికీ అవే కళ్లు

తలుపు మూసుకుంది. లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని లోపలికి పోతూ ముబష్షిరా వెనక్కి తిరిగి చూసిందో లేదో త్రివేణికి ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు, ఇప్పుడే కదా పోయింది, ఇప్పటిది నిలవదు, పాతవేమో పిలవకుండానే వచ్చి పక్కన కూర్చుంటాయి. కామారెడ్డి విద్యాశాఖ ఆఫీసు వరండాలో బల్ల ఇంకా చెమ్మగానే ఉంది. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కినప్పటి నుంచి ముసురు విడవలేదు. చీర కుచ్చిళ్లకు బస్టాండు బురద అంటింది, దులుపుదామని వంగబోయి మానుకుంది, లోపలి నుంచి ఏదైనా మాట వినపడితే వంగినప్పుడు తప్పిపోతుందేమో. ఏమీ వినపడదు, పంకా చప్పుడు తప్ప. పక్కన నవత కూర్చుని ఉంది, ఎల్లారెడ్డి హైస్కూల్లో తెలుగు చెప్పే పిల్ల, చెప్పిన పిల్ల అనాలా, చెప్పబోయే పిల్ల అనాలా, అది తేలేది ఈ గంటలోనే. పదో తరగతి పరీక్షలప్పుడు ఒక వీడియో ఊరంతా తిరిగింది. నవత ముఖం, నవత గొంతు, వెనక నల్లబల్ల కూడా వాళ్ల బడిదే. ప్రశ్నపత్రం నా దగ్గరుంది, కావలసినవాళ్లు ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటుంది, అని చిన్నగా నవ్వుతుంది. ఆ మాట నవత ఎన్నడూ అనలేదు. కరోనా రోజుల్లో, అప్పటికి కొత్తగా చేరింది, పిల్లల కోసం ఫోన్లో చెప్పి పెట్టిన పద్యాల పాఠాలను ఎవరో తీసుకుని, ఆ ముఖాన్ని కంప్యూటరు చేత వేరే మెడ మీద కూర్చోబెట్టి వేరే మాటలు పలికించారు. ఆ ఎవరో ఎవరని పోలీసులు వెతుకుతున్నారు, వెతకనీ. ఆఫీసుకు కావలసింది వీడియో నిజమా అబద్ధమా అన్న ఒక్క ముక్క. నిజమని రాస్తే నవత ఇక ఏ బడి గడపా తొక్కలేదు.

వీడియో నిజమో నకిలీయో పట్టే మిషను ముబష్షిరా చేసిందని చెబితే, మీ శిష్యురాలు చేసిన మిషను మీ దిక్కే చెప్తది కదా మేడం, అన్నాడు ఆఫీసరు పోయినసారి. తప్పేమీ అనలేదు. పరీక్ష పెట్టేవాడికి అనుమానం ఉండాలి, ఆమె అయినా అదే అడిగేది. అందుకే ఆయన తన దగ్గరి వీడియోలు తానే తెచ్చుకున్నాడు, కొన్ని నిజమైనవి, కొన్ని చేసినవి, ఏవి ఏవో ఆయన ఒక్కడికే తెలుసు. వాటన్నిటికీ సరిగ్గా చెప్పగలిగితేనే చివర నవత వీడియో పెడతారు. ఒక్కటి తప్పినా సంచి సర్దుకుని లేచిపోవాలి. మీరిద్దరూ బయట ఉండండి అన్నారు, ఉన్నారు. నవత చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, గోడకేసి చూస్తూ అంది, “అక్కా, నేను నేనే అని నేను చెప్తె నమ్మరు. గా డబ్బ చెప్తె నమ్ముతరట.” త్రివేణి బల్ల మీద ఆ పిల్ల వైపు కొంచెం జరిగింది. ఓదార్పు మాటల మీద ఆమెకు పోయిన వానాకాలం నుంచే నమ్మకం పోయింది, భర్త చనిపోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి అన్నారు, అందులో ఒక్క మాట కూడా ఆయన లేని లోటుకు సరిపోలేదు.

తలుపు తెరుచుకుంది, అటెండరు గంగారాం ఖాళీ చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. పొద్దున వీళ్లు వచ్చినప్పుడు ఎటు పోవాలె అని గదమాయించిన మనిషే, ఇప్పుడు వంగి, కొత్త పెళ్లికొడుకు చెవిలో గుట్టు చెప్పినట్టు చెప్పాడు. “రెండు పడ్డయి టీచరమ్మా. రెండు గూడ కరెక్టే. ఒకటి నిజం, ఒకటి నకిలీ. సార్ తల ఊపిండు.” నవత వెంటనే అంది, “వికెట్లేం పడలేదు కద గంగారామన్నా?” “నేనుండంగ ఎట్ల పడ్తయి,” అని గ్లాసులు గలగలలాడించుకుంటూ పోయాడు. రెండు. ఇంకా ఎన్నో. త్రివేణి నవత బడిలోనే లెక్కల టీచరు, రెండు సరిపోయినంత మాత్రాన మూడోది సరిపోతుందని లేదని ఆమె పిల్లలకు ఏటా చెబుతుంది.

ముబష్షిరా కూడా ఆ పిల్లల్లో ఒకతే. చివరి బెంచీ, కిటికీ పక్క. జవాబు ముందే వచ్చేసి ఎట్లా వచ్చిందో చెప్పలేక నిలబడిపోయేది. ఇప్పుడు కామారెడ్డిలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్లు చెబుతుంది. నవత వీడియో చూపించినప్పుడు ఆ పిల్ల అయ్యో అనలేదు, తెరను ఆపి, పెద్దది చేసి, మెడ దగ్గర వేలు పెట్టింది. “మన కండ్లకు కనబడది టీచర్. మిషను పట్టుకుంటది. నేర్పాలె, అంతే.” ఎట్లా నేర్పుతారు అని అడిగితే నవ్వింది. “మీరు మాకు నేర్పినట్టే. సూత్రం చెప్పకుంట లెక్క మీద లెక్క ఇచ్చుకుంట పోయేటోళ్లు కద మీరు. ఇది నిజం, ఇది అబద్ధం అని వేలకొద్ది మొఖాలు చూపిస్తం. తప్పు చెప్పినప్పుడల్ల తప్పు అంటం. ఏది చూసి తెలుసుకుంటదో అదే తెలుసుకుంటది.” బయటి దేశాలవాళ్లు తయారుచేసి పెట్టినవి ఉన్నాయట, వాటిని నడిపి చూస్తే మన ముఖాల దగ్గర తడబడ్డాయి, ఎండలో పనిచేసే ముఖాలు, పసుపు రాసుకున్న ముఖాలు, పాత ఫోన్లలో తీసి పది గ్రూపులు తిరిగి మసకబారిన ముఖాలు, వాటికి తెలియవు. మనవి మనమే కూడగట్టాలె అంది ముబష్షిరా. ఎండాకాలం సెలవులంతా త్రివేణి ఆ పనే చేసింది. చేయడానికి ఏదో ఒకటి ఉండటం మంచిదైంది. ఇంట్లో మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి.

ఎల్లారెడ్డిలో, లింగంపేటలో ఇల్లిల్లూ తిరిగింది. నిజమైన ముఖాలు కావాలె, మీవి, మీ ఇంటోళ్లవి, నవత పిల్లను కాపాడుకునేటందుకు అంటే కాదన్నవాళ్లు లేరు, నవత వాళ్ల అమ్మతో పాటు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు తునికాకు వాసన అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని నవ్వుతూ ఫోనుకేసి చూశారు, వీడియో అంటే కదలాలె గదా అని ఒకామె లేచి చేయి ఊపింది. అందరూ ఇచ్చారు. ఇచ్చి, ఆగు టీచరమ్మా అని లోపలికి పోయి గోడ మీది ఫోటో దించుకొచ్చి కొంగుతో అద్దం తుడిచి, మా ఆయనది గూడ తియ్యి, మా అత్తది గూడ తియ్యి, ఇంట్ల మంచి ఫోటో అంటే గిదే అన్నారు. పోయినవాళ్ల ఫోటోలు. పోయినవాళ్లూ ఆ ఇంటివాళ్లే కదా. ఆమె దండలు పక్కకు జరిపి అన్నీ తీసుకుంది, మనసులో లెక్క కూడా వేసుకుంది, ముఖాలు పెరుగుతున్నాయి, మంచిదే. ఆఖర్న తన ఇంటికి వచ్చి తన గోడ మీది ఫోటోకూ ఫోన్ ఎత్తింది. శేఖర్. నల్లకోటు, తెల్లకాలరు, తిన్నగా ముందుకు చూసే పెద్ద కళ్లు. పదో దినం నాటికి ఫోటో ఉండాలె అని బంధువులు తొందరపెడితే కామారెడ్డిలో చేయించింది. ఏడాదిగా రోజూ పొద్దున దానికి పువ్వు పెట్టి బడికి పోతుంది. అందరివీ కలిపి నిజం కుప్పలో వేసింది.

“ఐదు!” గంగారాం ఈసారి గ్లాసులు కూడా తేలేదు, ఉత్త చేతులతోనే వచ్చాడు. “ఐదోది చానా కష్టపెట్టింది. మిషను ఆగింది, ఆగింది, నాకైతే గుండె ఆగింది. ఆఖరికి నిజం అన్నది. నిజమే.” అది మంచి మాట అని త్రివేణి అనుకుంది. అన్నిటినీ అబద్ధం అనడం ఎవరికైనా వస్తుంది. ఒకసారి మోసపోయిన ఊరు ఇక దేన్నీ నమ్మనని కూర్చుంటుంది, అదేమంత గొప్ప తెలివి కాదు. నిజాన్ని నిజమని చెప్పగలగాలి. నవత చున్నీ విప్పడం మానేసింది. వాన చూరు నుంచి ఒకే చోట పడుతోంది, అక్కడి సిమెంటు నల్లగా మెరుస్తోంది. పొద్దున తాడ్వాయి దాటాక ఆ మలుపు వచ్చినప్పుడు త్రివేణి ఎప్పటిలాగే చేతిసంచిలోకి చూసుకుంటూ కూర్చుంది, ఆ మలుపు దగ్గరే పోయినేడు ఆటోలో శేఖర్ తల ఆమె భుజం మీద బరువెక్కింది, కామారెడ్డి ఆసుపత్రి ఇంకా చాలా దూరం ఉంది. ఆ మలుపులో మక్క చేలు ఏపుగా ఉన్నాయని నవత అంది. అవునా అంది తను, చూడకుండానే.

ఎండాకాలంలో మన ముఖాలతో మొదటిసారి నడిపినప్పుడు మిషను ఓడిపోయింది. అంత కష్టపడి పోగేసిన ముఖాలన్నీ మేపాక, ముబష్షిరా నవత వీడియో పెడితే, నిజం అంది. తడబడకుండా, గట్టిగా. ఆ పిల్ల కుర్చీలో వెనక్కి వాలిపోయింది. మనోళ్ల మొఖాలు చూపించకముందే నయముండె టీచర్, అప్పుడు అనుమానమన్న పడ్డది, ఇప్పుడది గూడ లేదు, మన కుప్పలనే ఏదో ఉన్నది. తర్వాత, మిషను దేన్ని చూసి నిజం అనుకుంటోందో తెలిసేటట్టు ముఖాల మీద ఎర్రరంగు పరిచింది, ఎక్కడ ఎక్కువ చూస్తే అక్కడ ఎక్కువ ఎరుపు. కొన్ని ఫోటోల్లో మెడ దగ్గర, కాలరుకు గడ్డానికి మధ్య, ఎర్రటి దారం కట్టినట్టు వచ్చింది. వాటన్నిటినీ వరుసగా పేర్చింది. కోట్లు. కొందరికి టై కూడా. పొలాల్లో, కార్ఖానాల్లో, గల్ఫులో చెమటోడ్చి పోయినవాళ్లందరికీ నల్లకోట్లు. త్రివేణి ముందు ఆ కోట్లనే చూసింది. తర్వాత కళ్లు చూసింది. పై వరుసలో లింగంపేట హన్మవ్వ భర్త, కింద ఎవరి మామగారో, పక్కన శేఖర్. వేరే వేరే ముఖాలు. కళ్లు మాత్రం ఒకటే. కనుబొమల కింద అదే వంపు, రెప్ప మీద అదే మెరుపు, ఎడమ కన్ను ఒక వీసం చిన్న. అందరూ అవే కళ్లతో ఆమెను చూస్తున్నారు.

ఆమెకు తెలుసు. తెలియకపోవడమేమిటి. శేఖర్ ఏ ఫోటోలోనూ కళ్లు తెరిచినవాడు కాదు, ఫోన్ ఎత్తితే చాలు నవ్వొచ్చేది ఆయనకు, నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. కాలరు గుండీ పెట్టుకున్న మనిషి కాదు. ఫోటో ఇంటికి వచ్చిన రోజే తెలుసు, తెలిసీ మేకుకు తగిలించింది, గోడ ఖాళీగా ఉండకూడదు కదా. స్టూడియోవాడు ముఖం కత్తిరించి కోటు మీద పెట్టాడు, మూసుకున్న కళ్ల మీద తెరిచిన కళ్లు పెట్టాడు, ఈ చుట్టుపక్కల పోయిన ప్రతివాళ్లకూ పెడతాడు, అది మోసమని ఎవరూ అనుకోరు, మర్యాద అనుకుంటారు. ఆ మర్యాదనంతా ఆమె దండలు జరిపి మరీ తెచ్చి నిజమని చెప్పి మిషనుకు మేపింది. ముఖానికీ మెడకూ మధ్య అతుకు ఉంటే అది నిజమని అది నేర్చుకుంది. నవత మెడ మీదా అదే అతుకు. లెక్క ఎక్కడ తప్పిందో దొరికింది. ఆ క్షణంలో ఆమె లోపల ఏదో తెగింది, ఏదో అతికింది, రెండూ ఒకేసారి. ముబష్షిరా మెల్లగా అడిగింది, “సార్ ఫోటో తీసేద్దామా టీచర్? ఊకె తీసేద్దాం, ఎందులో వెయ్యొద్దు.” తీసేస్తే సరిపోతుందా అని త్రివేణి ఆలోచించింది. తప్పు చేసిన లెక్కను చింపి పారేస్తే పిల్లవాడు ఏమి నేర్చుకుంటాడు, దాన్నే తప్పు అని చూపించాలి. ఇటు జరుగు అంది. ఫోటోను తన చేత్తో పట్టి ఈడ్చి రెండో కుప్పలో వేసింది. అబద్ధం అన్న పేరు కింద శేఖర్. ఒక్క క్షణం తెర మీద వేలు అలాగే ఉండిపోయింది. ముబష్షిరా కిటికీ బయటికి చూసింది, చిన్నప్పటి లాగే.

మిగతా ఇళ్లకు మళ్లీ పోయి అడగాలి, వాళ్ల మనుషులను ఆ పేరు కింద వేయడానికి. అదే అన్నిటికన్నా కష్టమనుకుంది. హన్మవ్వ గుమ్మంలో నిలబడి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఫోటో గురించి మాట్లాడాలవ్వా అంటే, ఆ ముసలామె అంతా విని నోట్లో పోక ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. “గా కోటు మా ముసలోడు బతికుండంగ ఏనాడు తొడిగిండు బిడ్డా! అబద్ధమే. ఏస్కో. కండ్లు గూడ అబద్ధమే, గంత మంచిగ నా దిక్కు ఎన్నడు సూడలే.” అని తనే నవ్వి, తర్వాత చేయి పట్టుకుంది. “గని ముక్కు నిజం. గది యాదికుంచుకో.” అక్కడి నుంచి కామారెడ్డిలో ఆ ఫోటోలు చేసిన రాజేశం స్టూడియో. ఆయన మొదట ముఖం చిట్లించాడు. “నకిలీ అంటరేంది మేడం? పుణ్యం పని.” పని పుణ్యమే, దానికి పేరు మాత్రం సరిగ్గా పెడదాం అని ఆమె చెప్పింది, నవత సంగతి చెప్పింది. ఆయనకూ ఆడపిల్లలు ఉన్నారు. కంప్యూటరు తెరిచి, ఏళ్ల తరబడి చేసినవన్నీ, చేయకముందువి, చేశాకవి, జతలు జతలుగా ఇచ్చేశాడు, ముబష్షిరా తర్వాత అంది, బంగారం దొరికినా ఇంత సంబురపడకపోదును టీచర్ అని. ఆ కళ్లు ఎవరివి అని త్రివేణి అడిగింది, అడగకుండా ఉండలేక. రాజేశం మెడ గోక్కున్నాడు. “నావే మేడం. నా పెండ్లిల తీసిన ఫోటోలవి. మంచిగొచ్చినయని అందరికి అవే పెడ్తున్న.” ఏడాదిగా పువ్వు పెట్టి దండం పెట్టుకున్నది రాజేశం కళ్లకా. ఏడుపు రావాలి. రాలేదు. నవ్వు వచ్చింది, స్టూడియో మధ్యలో నిలబడి, కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు, శేఖర్ ఉంటే గోడకు ఆనుకుని నవ్వేవాడు. రాజేశం జంకుతూ శేఖర్‌ది చేయకముందు ఫోటో తెర మీద తెచ్చాడు. ఎవరిదో పెళ్లి పందిరి, తెల్ల బనీను, భుజాన తువ్వాలు, మసక మసకగా, కళ్లు గట్టిగా మూసుకుని నవ్వుతున్నాడు. దాన్ని నిజం కుప్పలో వేసింది.

లోపల గొంతులు పెరిగాయి. నవత లేచి నిలబడింది, త్రివేణి దాని చేయి పట్టి కూర్చోబెట్టింది. గంగారాం వచ్చాడు, ముఖంలో రంగు లేదు. “తప్పింది టీచరమ్మా. ఆఖరిదాంట్ల తప్పింది. నకిలీ అన్నది. గది సార్ వాళ్ల తోడల్లుడిది, కేదార్‌నాథ్ గుడి ముంగట నిలబడి మాట్లాడిన వీడియో. చుట్టాలంత సూసి దండాలు పెట్టిండ్రట. సార్ కోపానికొచ్చిండు.” నవత చున్నీ అంచు మళ్లీ వేలికి చుట్టుకుంది. త్రివేణికి బల్ల అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది. ఒక్కటి తప్పినా లేచిపోవాలి. మిషనుకు రెండోసారి నేర్పిన లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చూసుకుంది, కుప్పలు, పేర్లు, జతలు, ఎక్కడా తప్పు కనపడలేదు, మనం తప్పు చేయలేదు అని గట్టిగా అనుకుంది, ఎవరూ వినకపోయినా అది నిజమే, మనం తప్పు చేయలేదు. లోపలి నుంచి ముబష్షిరా గొంతు, పెద్దగా కాదు, తొణకకుండా, “సార్, ఒక్కసారి ఆయనకే ఫోన్ చేయుండ్రి.” చివరి బెంచీ పిల్ల. జవాబు ఎట్లా వచ్చిందో చెప్పడం ఇప్పుడు వచ్చింది. గంగారాం తలుపు పూర్తిగా వేయలేదు, వేయడం మర్చిపోయాడో, మర్చిపోయినట్టు చేశాడో. ఫోన్ మోగింది. స్పీకర్లో ఒక పెద్దమనిషి గొంతు వరండా దాకా వచ్చింది.

“కేదార్‌నాథా? నేనేడ పోయిన అన్నా! మోకాళ్లు లేస్తలేవు. పిల్లలు ఫోన్ల చేసిచ్చిండ్రు, ఊకె గ్రూపుల పెట్టిన. మా వదిన ఏడ్చిందట సంతోషంగ, ఇగ ఎట్ల చెప్పాలె?”

లోపల ముందు ఎవరో ఒకరు మొదలుపెట్టారు, ఆ తర్వాత అందరూ, కుర్చీలు కదిలేంత నవ్వు, ఆ నవ్వులో ఆఫీసరుదీ ఉంది. గంగారాం గోడను చరిచాడు. “సార్‌కే తెల్వదు! సార్ తెచ్చిందే నకిలీ, సార్‌కే తెల్వదు, మిషను చెప్పింది!” నవత రెండు చేతులతో నోరు మూసుకుంది. త్రివేణి లేచింది, ఎందుకు లేచిందో తెలియదు, క్లాసులో అందరికన్నా కష్టమైన లెక్క ఎవరో చేసినప్పుడు లేచి నిలబడేది, అట్లా లేచింది. లోపల ఇప్పుడు నవత పద్యాల పాఠం పెట్టారు, తరగతి గదిలో పాడే గొంతు తలుపు సందులోంచి వచ్చింది, ఆగింది. నిజం, అంది ముబష్షిరా. తర్వాత ఆ రెండో గొంతు, ఊరంతా తిరిగిన గొంతు, ప్రశ్నపత్రం నా దగ్గరుంది. నవత కళ్లు మూసుకోలేదు. తలుపు సందులోకి తిన్నగా చూస్తూ నిలబడింది. ముబష్షిరా చెప్పకముందే ఆఫీసరు చెప్పాడు, “ఎరుపు చూడండి. మెడ చుట్టూ ఎట్లా వచ్చిందో. అబద్ధం.”

లోపలికి పిలిచారు. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్ని నెలలు మీకు కష్టం కలిగింది, రాసి పంపుతాను, ఆ వీడియో కల్పితమని అన్ని బడులకూ తెలియజేస్తాను, రేపటి నుంచి మీరు డ్యూటీలో చేరవచ్చు అన్నాడు, మంచి తెలుగులో, నిలబడి. ముబష్షిరా లాప్‌టాప్ మూస్తూ త్రివేణికేసి చూసింది, ఈసారి చూసిందని త్రివేణికి బాగా తెలుసు.

నవత నమస్కారం పెట్టింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవలసినంతా ఉన్నా. గోడ గడియారం చూసింది.

“రేపటిసంది ఎందుకు సార్? ఇయ్యాల మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి తెలుగు ఉన్నది. ఎల్లారెడ్డి బస్సు దొరికితే అందుకుంట.”

ఆయన పొమ్మన్నట్టు చేయి ఊపాడు. అప్పటికే ఆ పిల్ల గడప దాటింది, చెప్పులు చేత పట్టుకుని, ముసురులో, రోడ్డు మీదికి, ఆటోలను తప్పించుకుంటూ, అక్కా ఉరుకు అని వెనక్కి తిరిగి అరుస్తూ. త్రివేణి కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ పరుగెత్తని టీచరు, బురద ఎగిరేటట్టు, పరుగెత్తింది.